టమాటా రైతుకు కావలసింది కొత్త మందు కాదు, కాస్త రసాయన శాస్త్రం

మందు కొట్టకుండా టమాటా పండదన్న మాట మన కలికిరి, వాల్మీకిపురం, గుర్రంకొండ, మదనపల్లె చుట్టుపక్కల ఏ కయ్య గట్టు మీద నిలబడినా వినబడుతుంది. ఆ మాట అబద్ధమని వాదించడానికి ఈ వ్యాసం రాయడం లేదు. నారుమడి నుంచి చివరి కోత దాకా టమాటాను తినే పురుగులూ, పట్టే తెగుళ్ళూ చానానే ఉన్నాయి. అయితే మందు కొట్టడం వేరు, కొట్టిన మందు పనిచేయడం వేరు. మన రైతు ట్యాంకులో పోసే డబ్బులో ఎంత పురుగు మీద పడుతోంది, ఎంత ట్యాంకులోనే చచ్చి నీళ్ళయిపోతోంది అన్న లెక్క ఎవరూ వేయడం లేదు. అంగడివాళ్ళు వేయరు, వాళ్ళకది అక్కరలేదు. రైతుకు మాత్రం ఆ లెక్కే సేద్యం నిలబడే దారి.

ఈ లెక్కకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు హరిత రసాయన శాస్త్రం. పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ అనే ఇద్దరు అమెరికా రసాయన శాస్త్రవేత్తలు 1998లో ఒక పుస్తకం రాసి, అందులో పన్నెండు సూత్రాలు చెప్పారు. వాళ్ళు ఫ్యాక్టరీలను ఉద్దేశించి రాశారు గానీ, చదివితే మన ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మాటల్లాగే ఉంటాయి. చెత్త పుట్టాక ఎత్తిపోసే కన్నా పుట్టకుండా చూసుకోవడం మేలు. చిన్న విషంతో అయ్యే పనికి పెద్ద విషం వాడొద్దు. వేసిన సరుకు వేసిన పనికే పోవాలి, పక్కకు పోకూడదు. పని అయ్యాక అది విరిగిపోయి మట్టిలో కలిసిపోవాలి గానీ ఏళ్ళ తరబడి నిలవుండకూడదు. చేను గట్టు మీద రెండువందల లీటర్ల డ్రమ్ములో మూడు రకాలు కలిపే రైతు కూడా ఒక చిన్న రసాయన ఫ్యాక్టరీ నడుపుతున్నట్టే. తేడా ఏమంటే ఫ్యాక్టరీలో కెమిస్టు ఉంటాడు. ఇక్కడ లేడు.

అంగట్లో జరిగేది

"అన్నా, ఆకు ముడుచుకుంటా ఉండాది, ఏదైనా మంచి మందు ఇయ్యి" అంటాడు రైతు. "ఇదో, ఈ మూడూ కలిపి కొట్టు, మూడు దినాల్లో తేరుకుంటాది" అంటాడు అంగడాయన. బిల్లు ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. ఆకు ముడత వైరస్ వల్ల అయితే ఆ మొక్కను బాగుచేసే మందు భూమ్మీద ఎక్కడా లేదు. వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమను ఆపగలం, అంతే. అదీ నారు దశలో ఆపాలి. నారును దోమ దూరని నెట్ కింద పెంచడం, ముడత పట్టిన మొక్కను మొదట్లోనే పీకి పాతిపెట్టడం, పొలం చుట్టూ జొన్నో మొక్కజొన్నో రెండు మూడు సాళ్ళు వేయడం, పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం - వీటికి అయ్యే ఖర్చు ఆ మూడు సీసాల ముందు ఏపాటిది? చెత్త పుట్టకుండా చూసుకోవడం అన్న మొదటి సూత్రం ఇదే. కానీ ఇందులో అంగడికి వచ్చేది ఏమీ లేదు కాబట్టి ఈ సంగతి అక్కడ ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి. పోయిన వారం ఒక సీసా కొట్టాం, పని చేయలేదు, ఈ వారం వేరే సీసా కొట్టాం అని రైతులు చెబుతుంటారు. సీసా మీద పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు వదిలేసి, కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదివితే రెండూ ఒకటే అయి ఉంటుంది, లేదా రెండూ ఒకే ఇంటివాళ్ళయి ఉంటాయి. క్లోరాంట్రానిలిప్రోల్, సయాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియమైడ్ - పేర్లు మూడు, కుటుంబం ఒకటే. పురుగు ఒంట్లో మూడూ తాకేది ఒకే చోట. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్, అసిటామిప్రిడ్ కూడా అంతే, అదింకో కుటుంబం. ఒక కుటుంబం మందుకు అలవాటుపడిన పురుగుకు అదే కుటుంబంలోని ఇంకో మందు కొట్టడమంటే, పోయిన అప్పు వసూలు చేయడానికి అదే మనిషికి మళ్ళీ అప్పివ్వడం.

ట్యూటా పురుగు సంగతి చూడండి. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ పురుగు 2006లో స్పెయిన్ చేరింది. మన దేశంలో మొదటిసారి 2014లో మహారాష్ట్రలో టమాటా మీద కనబడింది, ఏడాది రెండేళ్ళలో దక్షిణాదికంతా పాకింది. ఆకులో సొరంగాలు చేసి, కాయకు సూదిబెజ్జాలు పెడుతుంది. దీని మీద బాగా పనిచేసిన మందుల్లో స్పైనోసాడ్ ఒకటి. అది పుట్టిన కథ తమాషాగా ఉంటుంది. 1982లో కరీబియన్ దీవుల్లో, పాడుబడ్డ ఒక రమ్ము బట్టీ దగ్గర ఎత్తిన పిడికెడు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి తయారుచేసే పదార్థమిది. మట్టిలోనూ ఎండలోనూ త్వరగా విరిగిపోతుంది, మనుషులకు దాని విషం తక్కువ. అందుకని 1999లో అమెరికా ప్రభుత్వం దీనికి హరిత రసాయన శాస్త్రం అవార్డు ఇచ్చింది. ఇంత మంచి మందు కదా అని ఆపకుండా వాడితే ఏమైంది? బ్రెజిల్‌లో స్పైనోసాడ్‌కు లొంగని ట్యూటా తయారయింది. ఇటలీ, గ్రీస్‌లలో డయమైడ్ కుటుంబం మందులకు లొంగనిది పుట్టింది. అవార్డు వచ్చిన మందైనా సరే, వరుసగా నాలుగుసార్లు కొడితే మామూలు మందే. పైగా తడిగా ఉన్నప్పుడు స్పైనోసాడ్ తేనెటీగలకు విషం, కాబట్టి పూత మీద పగటిపూట కొట్టకూడదు. ఈ ఒక్క ముక్క చెప్పకుండా 'సేఫ్ మందు' అని అమ్మితే లాభమేంది?

బోరు నీళ్ళ సంగతి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మందు ఏదైనా ట్యాంకులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఉండేది నీళ్ళే. ఆ నీళ్ళను గురించి మాత్రం ఎవరూ అడగరు. మన వైపు చాలాచోట్ల నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి, వందల అడుగుల లోతునుంచి పైకొచ్చేవి. సున్నం, ఉప్పులు, సోడా అంశం ఎక్కువ. సబ్బు నురగరాదు, పప్పు ఉడకదు, బిందెకు తెల్లగా పొర కడుతుంది. ఇది ఇంట్లో ఆడవాళ్ళకు తెలిసినంతగా మందు కొట్టే మగవాళ్ళకు తెలియదు.

నీటికి పులుపు గుణం, క్షార గుణం అని రెండుంటాయి. దాన్ని కొలిచే అంకె పీహెచ్. 7 అయితే మధ్యస్థం, తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. చాలా పురుగుమందులు, కొన్ని తెగుళ్ళ మందులు క్షారం నీటిలో కలిపిన వెంటనే విరిగిపోవడం మొదలుపెడతాయి. పీహెచ్ ఒక అంకె పెరిగితే ఈ విరుగుడు సుమారు పది రెట్లు వేగమవుతుంది. కాప్టాన్ అనే తెగులు మందునే తీసుకోండి. పీహెచ్ 5 ఉన్న నీటిలో అది సగానికి తగ్గడానికి ఒక పగలు, ఒక రాత్రి దాటి ఇంకా సమయం పడుతుంది. 7 ఉంటే ఎనిమిది గంటలు. 8 ఉంటే దాదాపు పది నిమిషాలు! పది నిమిషాలంటే ఎంతసేపు? డ్రమ్ములో మందు కలిపి, బీడీ కాల్చుకుని, పైపు సరిచేసుకుని, మోటారు స్టార్టు చేసేసరికి సగం మందు అయిపోయినట్టే. డైమిథోయేట్, మలాథియాన్ లాంటి పాత మందులదీ ఇదే కథ, కాకపోతే ఇంకాస్త నిదానం. పొద్దున కలిపి పెట్టిన డ్రమ్మును అన్నం తిని వచ్చి మధ్యాహ్నం కొట్టడం మనలో ఎంతమందికి అలవాటో తెలిసిందే.

మందు పని చేయలేదని రైతు ఏం చేస్తాడు? మోతాదు పెంచుతాడు. ఇంకో రెండు కలుపుతాడు. నీళ్ళు మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాదు, ఎందుకంటే అంగట్లో నీళ్ళు అమ్మరు.

దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పీహెచ్ కాగితం చిన్న పుస్తకంలాగా కట్టగా దొరుకుతుంది. ఒక ముక్క చించి నీటిలో ముంచితే రంగు మారుతుంది, అట్ట మీది రంగుతో పోల్చుకుంటే అంకె తెలుస్తుంది. ఎనిమిదో ఎనిమిదిన్నరో ఉంటే, కిరాణా అంగట్లో దొరికే నిమ్మ ఉప్పును ముందు పది లీటర్ల బకెట్టులో కొద్దికొద్దిగా వేసి, ఆరు ఆరున్నరకు దిగేదాకా చూసుకోవాలి. ఎంత పట్టిందో తూకం వేసుకుని దాన్ని డ్రమ్ముకు లెక్క కట్టుకోవాలి. ఒకాయన బోరుకు సరిపోయిన కొలత పక్కాయన బోరుకు సరిపోదు, నీటిలో సోడా అంశాన్ని బట్టి మారుతుంది. నీళ్ళు సరిచేశాకే మందు పోయాలి, పోశాక నిలవపెట్టకుండా కొట్టేయాలి. ఒక్క హెచ్చరిక: కాపర్ ఆక్సీక్లోరైడ్, బోర్డో మిశ్రమం లాంటి రాగి మందులు కొట్టేటప్పుడు నీళ్ళను పులుపు చేయకూడదు. పులుపు నీళ్ళలో రాగి ఎక్కువగా కరిగి ఆకును కాల్చేస్తుంది. అన్ని మందులకూ పులుపు నీళ్ళే మంచివనుకోవద్దు, లేబుల్ మీద ఏముందో చూడాలి.

అలాగే రెండు మూడు మందులు కలపక తప్పదనుకుంటే ముందుగా గాజు సీసాలో అదే పాళ్ళలో కలిపి పావుగంట చూడండి. పాలు విరిగినట్టు విరిగినా, అడుగున ముద్ద కట్టినా, సీసా వేడెక్కినా ఆ కలయిక పనికిరాదు. డ్రిప్పు ఎరువులకూ ఇదే నియమం. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం ఎరువుతోనో, సల్ఫేటు ఎరువుతోనో ఒకే తొట్టిలో కలిపితే తెల్లటి సున్నంలాంటి పదార్థం తయారవుతుంది. మొక్కకు కాల్షియమూ అందదు, భాస్వరమూ అందదు, డ్రిప్పర్లు మాత్రం మూసుకుపోతాయి. తర్వాత యాసిడ్ పోసి వాటిని కడగడానికి మళ్ళీ ఖర్చు.

వేప గింజ విలువ

వేప చెట్టు లేని ఊరు మన తాలూకాల్లో లేదు. జూన్, జూలైలో చెట్ల కింద పండ్లు రాలి కుళ్ళిపోతుంటాయి. ఆ గింజలోని ముఖ్యమైన పదార్థం పేరు అజాడిరాక్టిన్. దాన్ని 1968లో విడదీశారు. ప్రయోగశాలలో మొదటినుంచీ దాన్ని కృత్రిమంగా తయారు చేయడానికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో స్టీవెన్ లే బృందానికి ఇరవైరెండేళ్ళు పట్టింది. 2007లో గానీ పూర్తికాలేదు. అన్నేళ్ళు అంత పెద్ద శాస్త్రవేత్తలు కష్టపడి చేసిన దాన్ని మన దిబ్బ పక్కనున్న చెట్టు ఏటా ఊరికే చేసి కింద పారేస్తోంది. దీని విలువ మనకన్నా ముందు ఇతరులే గుర్తించారు. వేప నూనెతో తెగుళ్ళను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖా, ఒక కంపెనీ కలిసి ఐరోపాలో పొందిన పేటెంటును మన దేశంవాళ్ళు పోరాడి 2000లో రద్దు చేయించారు. వాళ్ళ అప్పీలు 2005లో కొట్టేశారు. పేటెంటు గెలిచాం, గింజలు మాత్రం ఏరడం లేదు.

వేప కషాయం పనిచేయలేదని చెప్పే రైతులు చానామంది ఉన్నారు. వాళ్ళ మాట కొట్టిపారేయడానికి లేదు. కానీ ఎందుకు పనిచేయలేదో చూడాలి. మట్టిలో పడి బూజుపట్టిన గింజలో సారం ఉండదు. పండు తొక్క, గుజ్జు తీసేసి, కడిగి, నీడన ఆరబెట్టిన గింజ కావాలి. ఎండలో ఆరబోస్తే సారం పోతుంది. ఎకరాకు పది కిలోల పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా నీటిలో నానబెట్టి, పిండి, వడగట్టి రెండువందల లీటర్లకు చేర్చుకోవాలి. ఇది అయిదు శాతం కషాయం. ఇక్కడే మళ్ళీ మన బోరు నీళ్ళు అడ్డం వస్తాయి. అజాడిరాక్టిన్ కాస్త పులుపున్న నీటిలో నిలబడుతుంది, క్షారం నీటిలో విరుగుతుంది, ఎండకూ విరుగుతుంది. అంటే నిమ్మ ఉప్పుతో సరిచేసిన నీళ్ళు కావాలి, సాయంత్రం పూట కొట్టాలి. పొద్దున పదికి ఎర్రటి ఎండలో క్షారం నీళ్ళతో కొట్టి వేప దండగ అనడం న్యాయం కాదు.

కషాయం ఆకుకు అంటుకోవడానికి సబ్బు పొడి కలుపుతుంటారు. ఉప్పు నీళ్ళలో సబ్బు ముక్కలు ముక్కలుగా విరిగి తేలడం మనం రోజూ చూసేదే. ఆ తేలే ముద్దే సున్నంతో సబ్బు కలిసిన పదార్థం, అది నాజిల్‌కు అడ్డం పడడం తప్ప ఎందుకూ పనికిరాదు. కుంకుడుకాయ రసం అలా కాదు. అందులోని సాపోనిన్ అనే పదార్థం సున్నం నీళ్ళలోనూ నురగనిస్తుంది. అవ్వలు బోరు నీళ్ళతో తలంటడానికి కుంకుడుకాయ ఎందుకు దంచేవారో ఇప్పుడు అర్థమవుతుంది కదా! పది కాయలు నానబెట్టిన రసం అంటే హరిత రసాయన శాస్త్రం కాదని ఎవరంటారు?

ఒకటి మాత్రం ముందే తెలుసుకోవాలి. వేప కొడితే తెల్లారేసరికి పురుగులు చచ్చి రాలవు. పురుగు తినడం మానేస్తుంది, కుబుసం విడవలేక సన్నగా చస్తుంది, తల్లి రెక్కల పురుగు గుడ్లు పెట్టకుండా పక్కకు పోతుంది. అందుకే పురుగు కనబడ్డాక కాదు, కనబడబోయే ముందు కొట్టాలి. ఆ 'ముందు' ఎప్పుడో తెలియజేసేవి లింగాకర్షక బుట్టలు. బుట్టలో రెక్కల పురుగులు పడడం మొదలైందంటే గుడ్లు పడుతున్నట్టే. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారు టమాటాకు చెప్పే ఎర పంట బంతి. పదహారు సాళ్ళ టమాటాకు ఒక సాలు బంతి, నాటేటప్పుడు బంతి నారు నలభై రోజులది, టమాటా నారు ఇరవైఅయిదు రోజులది ఉండాలి. రెండూ ఒకేసారి పూతకొచ్చి కాయ తొలిచే పురుగు బంతి మొగ్గ మీద గుడ్లు పెడుతుంది. బంతిపూలు అమ్ముకోవడం మనవాళ్ళకు ఒకరు నేర్పాల్సిన పని లేదు.

ఇవన్నీ కాగితం మీది మాటలంటారేమో. అప్పటి ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరు పత్తి, మిరప పండించే ఊరు. పురుగుమందుల అప్పుల్లో కూరుకుపోయిన ఆ ఊరు 2000 తర్వాత నాలుగైదేళ్ళలో పురుగుమందులు పూర్తిగా మానేసింది. వేప కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతోనే పత్తి తీశారు. ఆడవాళ్ళ సంఘాలు ముందుపడి ఆ పని చేయించాయి. ఆ అనుభవం చూశాకే ప్రభుత్వం పురుగుమందులు లేని సేద్యాన్ని మహిళా సంఘాల ద్వారా రాష్ట్రమంతా చేపట్టింది, ఆ దారే 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి సేద్యం దాకా వచ్చింది. పత్తికీ టమాటాకూ తేడా ఉంది, ఒప్పుకుంటాను. టమాటా మూడు నాలుగు రోజులకోసారి కోసేది, కాయ మీద చిన్న మచ్చ ఉన్నా మండీలో క్రేటు వెనక్కి పోయేది. అయినా కోతకు కోతకు మధ్య మూడు రోజులే ఉన్న పంటకే, ఆ మూడు రోజుల్లో విరిగిపోయే మందు అవసరం ఎక్కువ. లేబుల్ మీద 'కోతకు ముందు ఆగవలసిన రోజులు' అని ఒక గడి ఉంటుంది. అందులో అంకె మీ కోతల మధ్య రోజులకన్నా ఎక్కువుంటే ఆ మందు కోతలు మొదలయ్యాక మీ పంటకు పనికిరాదు. ఆ కాయలు బెంగుళూరువాళ్ళో చెన్నైవాళ్ళో తింటారులే అనుకోవడానికి లేదు. రెండో రకం కాయలు మన ఇంటి చట్టిలోకే వస్తాయి.

సహజమైనదంతా మంచిది కాదు

ఇక్కడ ప్రకృతి సేద్యం మిత్రులతో నాకు ఒక పేచీ ఉంది. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి విషం కాదని చెప్పడం తప్పు. అగ్నిఅస్త్రంలో పొగాకు కలుపుతారు. పొగాకులో ఉండేది నికోటిన్, అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోయే తీవ్రమైన విషం. నికోటిన్ సల్ఫేటును పురుగుమందుగా వాడడాన్ని మన దేశంలో నిషేధించి ముప్పై ఏళ్ళు దాటింది. పొగాకు కషాయం కాచే ఆడవాళ్ళకు చేతులకు తొడుగు ఉండాలని ఎంతమంది చెబుతున్నారు? బోర్డో మిశ్రమం నూరేళ్ళకు పైబడిన మందు, సేంద్రియ సేద్యంలోనూ ఒప్పుకుంటారు. కానీ రాగి విరిగిపోయే పదార్థం కాదు, వేసినదంతా మట్టిలో పేరుకుంటుంది. అందుకే ఐరోపాలో ఏడేళ్ళకు హెక్టారుకు 28 కిలోలకు మించి రాగి వేయకూడదని కట్టడి పెట్టారు.

ఇక 'బయో' సీసాలు. పచ్చాకు బొమ్మ, దేశవాళీ పేరు, లోపల ఏముందో లేబుల్ మీద ఉండదు. కొట్టిన మరుసటి రోజే పురుగు రాలిపోతే సంతోషపడకండి, అనుమానపడండి. బయో పేరుతో అమ్మే వాటిలో రసాయన పురుగుమందులు కలిపిన కేసులు మన రాష్ట్రంలోనే బయటపడ్డాయి. మొక్కల పెరుగుదలకని అమ్మే ఇలాంటి సరుకును 2021లో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది గానీ, అంగట్లో అరలు చూస్తే ఆ సంగతి అందరికీ అందినట్టు లేదు. పేరు తెలిసిన మందైతే జాగ్రత్త పడతాం. పేరు లేని మందుకు ఏ జాగ్రత్త పడతాం? అసలు మందుల డబ్బాల మీది త్రికోణం రంగు కూడా ఇలాగే అపార్థమవుతోంది. ఎరుపు అతి తీవ్రం, పసుపు తీవ్రం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ తక్కువ. ఆకుపచ్చ త్రికోణం అంటే సేంద్రియ మందు అని కాదు, మింగితే తక్కువ విషం అని మాత్రమే. చేపలకు, తేనెటీగలకు ఏమవుతుందో ఆ రంగు చెప్పదు.

యూరియా గురించి రెండు ముక్కలు. 2015 నుంచి మన దేశంలో యూరియా అంతా వేపనూనె పూసినదే వస్తోంది. వేపలోని పదార్థాలు మట్టిలో అమ్మోనియా నైట్రేట్‌గా మారడాన్ని నిదానం చేస్తాయి, దాంతో నత్రజని నీళ్ళతో కిందికి పోకుండా కొంత ఆగుతుంది. హరిత రసాయన శాస్త్రానికి మన దేశం చూపించగల మంచి ఉదాహరణ ఇది. తర్వాత 2021లో నానో యూరియా వచ్చింది, అర లీటరు సీసా ఒక మూటకు సమానమన్నారు. నేను ఒక లెక్క వేశాను, మీరూ వేయండి. 45 కిలోల మూటలో నూటికి 46 పాళ్ళు నత్రజని, అంటే 20 కిలోల 700 గ్రాములు. మొదట వచ్చిన నానో సీసా అర లీటరులో నూటికి 4 పాళ్ళు, అంటే 20 గ్రాములు. ఆకు మీద కొట్టింది మట్టిలో వేసినదానికన్నా బాగా అందుతుందన్నది నిజమే. కానీ వెయ్యి రెట్లు బాగా అందుతుందా? లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి, గోధుమల్లో రెండేళ్ళు చేసిన ప్రయోగాల్లో, యూరియా తగ్గించి ఆ స్థానంలో దీన్ని కొడితే దిగుబడి తగ్గింది. పై పోషకంగా వాడుకుంటే మీ ఇష్టం. మూటకు బదులని నమ్మి వేసే ఎరువు మానుకోవద్దు. డ్రిప్పు ఉన్న రైతుకు వేసే నత్రజనినే పది పన్నెండు విడతలుగా వేరు దగ్గరికి పంపడం ఇంతకన్నా నమ్మకమైన దారి.

మల్చింగ్ షీటు సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. కలుపు మందు తప్పిస్తుంది, నీళ్ళు మిగులుస్తుంది, అంతవరకు మేలే. పంట అయ్యాక చించి గట్టు మీద పెట్టి కాలుస్తున్నాం, అది బాగాలేదు. ఊరికొక చోట పోగుచేసి అమ్మే ఏర్పాటు పంచాయతీలు చేయగలవు.

ఇప్పుడు చేయగలిగినది

2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో రెండువందలకు దగ్గరగా పలికింది. అలాంటి నెలలో రైతు భయంతో మందు కొడతాడు, చేతికొచ్చిన కాయ పోకూడదని. రేటు పడిపోయి కాయ రోడ్డు పక్కన పోసే నెలలో ఆ మందుల బాకీ మాత్రం అంగట్లో అలాగే ఉంటుంది. రేటు మన చేతిలో లేదు. ట్యాంకు ఖర్చు ఉంది.

కలికిరిలోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. రైతు భరోసా కేంద్రాలుగా 2020లో మొదలై 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారినవి ఊరూరా ఉన్నాయి. మట్టి పరీక్ష చేయిస్తున్నారు, సంతోషం. మందు కలిపే నీళ్ళకూ పరీక్ష చేసి, ఆ రైతు కార్డు మీద పీహెచ్ అంకె, పది లీటర్లకు పట్టే నిమ్మ ఉప్పు రాసివ్వాలి. జూన్‌లో వేపగింజలను కిలో లెక్కన కొని, పొడి కొట్టించి, జూలైలో టమాటా రైతులకు అమ్మే పని మహిళా సంఘాలకు అప్పగించాలి. ఏరినవాళ్ళకు కూలి, రైతుకు నాణ్యమైన గింజ. బయో పేరుతో వచ్చే ప్రతి కొత్త సీసాకూ నమూనా తీసి ల్యాబుకు పంపాలి. మందు అమ్మిన ప్రతివాళ్ళూ మందు అసలు పేరు, మోతాదు, ఎన్ని రోజులు ఆగి కోయాలో బిల్లు మీద రాయాలని వ్యవసాయాధికారులు పట్టుబట్టాలి. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే నిషేధించినా ఏళ్ళ తరబడి టమాటా మీద వాడిన చేతులు మనవే. నిషేధం కాగితం ఒక్కటే సరిపోదని ఇంతకన్నా రుజువేం కావాలి?

నీళ్ళ పరీక్షకు ల్యాబు లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. జె.ఎన్.టి.యు. అనంతపురం వారి ఇంజనీరింగ్ కళాశాల 2013 నుంచి కలికిరిలోనే ఉంది. ఇంజనీరింగ్ మొదటి ఏడాది కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో నీటి కాఠిన్యం కొలవడం పిల్లలు నేర్చుకునే తొలి పాఠాల్లో ఒకటి. ఎలాగూ ఏదో ఒక నీళ్ళను కొలవాల్సిందే కదా, ఆ నీళ్ళేవో మన బోర్ల నుంచి ఎందుకు తేకూడదు? ఒక్కో విద్యార్థికి ఒక్కో ఊరు ఇచ్చినా ఒక ఏడాదిలో చుట్టుపక్కల మండలాల బోర్ల నీళ్ళ పట్టిక తయారవుతుంది. కృషి విజ్ఞాన కేంద్రంవాళ్ళు, కళాశాలవాళ్ళు ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే చాలు. వచ్చే ఖరీఫ్ నారు పోసేలోగా ఇది మొదలుకావాలని కోరుతున్నాను.

రైతులు తమవంతుగా నమూనా సరిగ్గా తీయాలి. మోటారు వేసి పది నిమిషాలు నీళ్ళు పారనిచ్చి, కొత్త లీటరు నీళ్ళ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా నిండా పట్టి మూత బిగించాలి. మందుల సీసా ఎంత కడిగినా వాడకూడదు. సీసా మీద ఊరు పేరు, సర్వే నంబరు, బోరు లోతు, తేదీ రాసి అదే రోజు అందజేయాలి. ఎండలో బండి మీద రెండు రోజులు తిప్పిన నీటికి పీహెచ్ మారిపోతుంది.